మొబైల్ ఫోన్ ఫోరెన్సిక్స్ (సైబర్ వేధింపుల దర్యాప్తు)

మెసేజింగ్ యాప్‌లలో బెదిరింపులు, అవమానకర సందేశాలు, మార్ఫింగ్ చిత్రాలతో సాగే వేధింపుల ఆధారాలను ఫోన్ నుంచి చెక్కుచెదరకుండా సేకరించి, విశ్లేషించి, న్యాయస్థానానికి అందించే శాస్త్రీయ విధానం. ఇది డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో ఒక శాఖ.

సేకరణ: స్వాధీనం చేసుకున్న ఫోన్‌ను వెంటనే నెట్‌వర్క్ నుంచి వేరుచేస్తారు, లేకుంటే దూరం నుంచే డేటాను చెరిపేసే వీలుంటుంది. ఇందుకు ఏరోప్లేన్ మోడ్ లేదా రేడియో తరంగాలను అడ్డుకునే ఫారడే సంచి వాడతారు. తర్వాత డేటాకు నకలు తీసి, దాని హ్యాష్ విలువను నమోదు చేస్తారు. నకలులో ఒక్క అక్షరం మారినా ఈ విలువ మారిపోతుంది.

విశ్లేషణ: ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ సందేశాలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటాయి. చెరిపేసిన సందేశం, దాని చోట కొత్త సమాచారం చేరేవరకు, కొన్నిసార్లు తిరిగి దొరుకుతుంది. సందేశ సమయం 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల రూపంలో ఉంటుంది. దాన్ని యూటీసీలోకి మార్చి 5 గంటల 30 నిమిషాలు కలిపితే భారత కాలమానం వస్తుంది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ వల్ల సందేశ పాఠం సర్వర్లలో చదవడానికి దొరకదు కనుక పంపినవారి, అందుకున్నవారి ఫోన్లే కీలకం. స్క్రీన్‌షాట్‌ను మార్చడం తేలిక. దాన్ని డేటాబేస్‌తో సరిపోల్చాలి.

చట్టం: 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు హ్యాష్ విలువతో కూడిన ధ్రువపత్రం జతచేయాలి. దీనికి ముందున్న సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బీ ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.