పట్టికలకు పట్టిక

ప్రతి ఉన్నత పాఠశాలలోను ప్రవేశ రిజిస్టరు ఒకటి ఉండును. విద్యార్థుల పేర్లు అందులో చేరిన వరుసలో ఉండును. కాని తరగతి ఉపాధ్యాయునికి కావలసినది తన తరగతివారి జాబితా. మధ్యాహ్న భోజనము చూచువారికి కావలసినది నేడు బడిలో ఉన్నవారి లెక్క. ఒకే రిజిస్టరు నుండి ఇట్లు పది జాబితాలు పుట్టును. కొత్త గుమాస్తా చేరిననాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఏది? "ఇక్కడ ఏయే జాబితాలున్నవి? ఏది దేనికి?" అన్నదే.

నేడు ఆ గుమాస్తా స్థానములో కృత్రిమ మేధతో పనిచేయు "ఏజెంటు" అను ప్రోగ్రాము నిలుచుచున్నది. దానికి ఈ జవాబు చెప్పు పనిముట్టును తయారుచేయుట ఇటీవలి పనియే గాని, దాని వెనుకనున్న కథ పాతది.

విడి వివరములను గుంపులుగా కూర్చుటలోని కష్టము జనాభా లెక్కలవారికి బాగుగా తెలియును. అమెరికాలో 1880 నాటి లెక్కలను చేతితో తేల్చుటకు సుమారు ఏడెనిమిదేండ్లు పట్టెను. 1890 లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రముల కార్డులను ప్రవేశపెట్టెను. మనిషికొక కార్డు. కార్డుపై సూదులను దించినపుడు, రంధ్రమున్నచోట సూది క్రిందనున్న పాదరసమును తాకి విద్యుద్వలయము పూర్తియగును. గడియారము వంటి ముఖముపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. ప్రక్కపెట్టెలో ఒక అర మూత తెరచుకొనును. కార్డును అందులో వేయవలెను. వర్గీకరణ అనగా ఇంతే గదా! ఒకే లక్షణము గలవానిని ఒకే అరలో చేర్చుట. హోలరిత్ స్థాపించిన సంస్థ 1911లో మరికొన్నింటితో కలిసిపోయి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు పొందెను.

1960ల నాటికి వివరములు అయస్కాంత డిస్కులకెక్కినవి. కాని వానిని వెదకుట చెట్టెక్కి కాయ కోయుటవలె ఉండెను. ఏ కొమ్మ నుండి ఏ రెమ్మకు పోవలెనో ప్రోగ్రాము వ్రాయువానికి ముందే తెలియవలెను. అమరిక మారినచో ప్రోగ్రాము చెడును. ఐ.బి.ఎం.లో పనిచేయుచుండిన ఆంగ్ల గణితవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో దీనికి విరుగుడు చూపెను. సర్వమును పట్టికలుగా ఉంచవలెను. మనము ఏమి కావలెనో అడిగిన చాలును, ఎట్లు తేవలెనో యంత్రమే చూచుకొనవలెను. ఆయన వ్యాసముయొక్క సారమిది.

ఆ సూత్రముపై ఐ.బి.ఎం.వారు "సిస్టం ఆర్" అను ప్రయోగ వ్యవస్థను నిర్మించిరి. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువారు ప్రకటించిన ప్రశ్నల భాష నేటి ఎస్‌.క్యు.ఎల్‌.కు మూలము. 1975లో చాంబర్లిన్, గ్రే, ట్రైగర్ అను మువ్వురు "వ్యూ" అను భావనను, అధికారపు హద్దులను ఒకే వ్యాసములో చర్చించిరి. వ్యూ పట్టికవలె కనబడును గాని, అందులో వరుసలేవియు నిలువయుండవు. నిలువయుండునది నిర్వచనము మాత్రమే. "తొమ్మిదవ తరగతివారిని సెక్షనువారీగా చూపుము" అను వాక్యమే వ్యూ. అడిగినప్పుడెల్ల అది మూల పట్టిక నుండి క్రొత్తగా తయారగును. (ఫలితమును నిలువచేయు వ్యూలు కూడ తరువాత వచ్చినవి, వాని మాట ఇక్కడ వద్దు.)

వ్యూలు వందలైనచో? 1985లో కాడ్ ప్రకటించిన నియమములలో ఒకటి దీనికి సమాధానము: దత్తాంశనిధిని గురించిన వివరములు కూడ పట్టికలలోనే ఉండి, మామూలు ప్రశ్నలకు లొంగవలెను. అనగా పట్టికలకు ఒక పట్టిక. 1992 నాటి ఎస్‌.క్యు.ఎల్‌. ప్రమాణములో దీనికొక నిర్ణీత రూపము ఏర్పడెను.

కాడ్ చేసిన మరియొక పని అంతగా ప్రసిద్ధికెక్కలేదు. నా దృష్టిలో నేటికి మిక్కిలి పనికివచ్చునది అదియే. భాష నేర్వని సామాన్యుడు మామూలు ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకు యంత్రము జవాబు చెప్పవలెనని 1974లో ఆయన "రాండెవూ" అను పథకమును వివరించెను. ప్రశ్నలో సందిగ్ధమున్నచో యంత్రము ఎదురుప్రశ్న వేయును. తనకు అర్థమైనదానిని తిరిగి చెప్పి, ఔనన్న పిదపనే వెదకును.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఏజెంట్లకు పనిముట్లనందించు ఒక ఒప్పందమును ప్రకటించెను. దాని ప్రకారము ప్రతి పనిముట్టును తన పేరును, వర్ణనను, తనకీయవలసిన వివరముల రూపమును తెలుపుకొనవలెను. వ్యూలను పట్టికవారీగా చూపు పనిముట్టు ఇట్టివానిలో ఒకటి.

చిక్కంతయు ఆ వర్ణనలోనున్నది. "విద్యార్థులు: తరగతివారీ" అని ఒక వ్యూ, "విద్యార్థులు: ప్రస్తుతము" అని మరియొకటి ఉన్నవనుకొందము. మొదటిదానిలో బదిలీ పత్రము తీసుకొని వెళ్ళినవారు కూడ ఉన్నారు. గుమాస్తాయైనచో సందేహించి హెడ్మాస్టరు గదికి పోవును. ఏజెంటు వర్ణనలో లేని సంగతిని పేరునుబట్టి ఊహించి, బియ్యపు లెక్క కట్టివేయవచ్చును. లెక్క చూచుటకు సక్రమముగానే ఉండును. తప్పని ఎవరికిని తోచదు. అందుచేత వ్యూలో ఏమున్నదో వ్రాయుటకంటె ఏమి లేదో, ఎవరిని విడిచితిమో, ఎవరిని విడువలేదో వ్రాయుట ముఖ్యము. "రహస్యము, చూడరాదు" అని వర్ణనలో వ్రాసినంతమాత్రమున తాళము పడదు. దానికి 1975 నాటి అధికారపు హద్దులే కావలెను.

వ్యూల పేర్లను, నిలువు వరుసలను యంత్రపు పట్టిక నుండియే గ్రహింపవచ్చును; చేతితో వ్రాసిపెట్టినచో మార్పు జరిగిననాడు అవి పాతబడును. కాని 1992 ప్రమాణపు పట్టికలో వ్యూ నిర్వచనమునకు చోటున్నది గాని, దానిని ఎందుకు కల్పించితిరో వ్రాయు గడి లేదు. ఆ ఒక్క వాక్యమును రిజిస్టరు తెలిసినవారు కూర్చుండి వ్రాయవలసినదే.