జుర్రేరు ఒడ్డు జాగీరు

మమ్మల్ని చూడగానే 'నవాబుల వారసులు' అనేస్తారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి గోల్కొండ దాకా పోనక్కర్లేదు, బనగానపల్లె చాలు.

ఎర్రమల కొండల నుంచి వచ్చి కుందూలో కలిసే చిన్న ఏరు జుర్రేరు. ఆ ఏటి ఒడ్డున ఉన్న పాత జాగీరు ఇది. దగ్గరలోని జ్వాలాపురంలో దాదాపు 74 వేల ఏళ్ల నాటి టోబా అగ్నిపర్వతపు బూడిద, దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అని ఈ ఒడ్డున లెక్క తీస్తే నవాబులే కాదు, అందరం నిన్నగాక మొన్న వచ్చినవాళ్లమే.

17వ శతాబ్దంలో బీజాపూర్ ఆదిల్‌షాహీల కాలంలో ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు ఈ జాగీరు దక్కింది. ఆయనకు కొడుకుల్లేక మనవడు ఫైజ్ అలీ ఖాన్‌కు పోయింది. ఆ తర్వాత మొగలులు, నిజాం, హైదర్ అలీ ఇలా పైన ప్రభువు మారినప్పుడల్లా జాగీర్దారు సలాం చేసే దిక్కు మారింది. టిప్పు ఆక్రమించుకుంటే ఆ కుటుంబం హైదరాబాదుకు పారిపోయి, 1789లో తిరిగొచ్చి జాగీరు దక్కించుకుంది. ముస్లిం సుల్తాను ముస్లిం జాగీరునే మింగాడన్నమాట. మాకు బళ్లో చెప్పిన 'ముస్లింల పాలన' అనే పాఠంలో ఇలాంటి తగవులకు చోటు లేదు.

1800లో నిజాం దత్తమండలాలు వదులుకున్నప్పుడు ఇదీ ఇంగ్లీషువాళ్ల కిందికి పోయింది. జమాఖర్చులు చెడిపోయాయని 1832 నుంచి 1848 దాకా మద్రాసు ప్రభుత్వమే పెత్తనం చేసింది. 1905లో మరోసారి కొన్ని నెలలు. మిగిలిన గొప్పల్లా తొమ్మిది తుపాకుల సలామీ! 1901 నాటికి సంస్థానం 255 చదరపు మైళ్లు, జనం 32,264 మంది.

నవాబులు షియాలు, ఇరాన్ దాకా వంశవృక్షం చెప్పుకునే సయ్యదులు. దూది ఏకే మా దూదేకులోళ్లు, తోళ్లమ్మే మా సాయిబులు, ఊరూరా తిరిగే మా ఫకీర్లు ఆ వృక్షంలో ఏ కొమ్మకూ లేరు. శిస్తు కట్టేటప్పుడు మాలోని రైతూ పక్క పొలం రెడ్డీ ఒకే వరసలో నిలబడ్డారు. పీర్ల పండక్కి మాత్రం ఊరంతా కలిసేది.

1948 ఫిబ్రవరిలో ఆఖరి నవాబు మీర్ ఫజ్లే అలీ ఖాన్ కాలంలో సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. లోకానికి తెలిసిన బనగానపల్లె ఇప్పుడు మామిడిపండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాదు బజారులో దాన్నే బేనిషాన్ అంటారు. ఉర్దూ చెవికి అది మచ్చలేనిది అని వినిపిస్తుంది, ఆనవాలు లేనిది అని కూడా.

ఊరి బయట నవాబుల బంగళా ఒకటుంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమాలో అది గద్వాల కోటగా కనిపించింది. నవాబుల ఇల్లు వేరే సంస్థానం వేషం కట్టింది. అప్పట్నుంచి జనం నోట అది అరుంధతి కోట. చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ పేరుతోనే దారి అడుగుతారు. ఆ సినిమాలో మావాడూ ఒకడున్నాడు, దయ్యాల్ని వదిలించే ఫకీరు అన్వర్.