జాబితాలో లేని పేరు

పోయిన వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా పిన్నికూతురు ఫోన్ చేసింది. పాప నిద్రపోయాక దానికి దొరికే సమయం అదే. "అక్కా, ఒక పేజీ రాశాను, చూసిపెడతావా?" అంది. గణితంలో పిహెచ్.డి. అప్లికేషన్‌తోపాటు పంపాల్సిన పేజీ అది. ఎందుకు పరిశోధన చెయ్యాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా ఏం చేశావు అని అడుగుతారు కదా, దానికి జవాబు.

చదివాను. గణితం నాకు అర్థం కాలేదు కానీ వాక్యాలు బావున్నాయి. ఎమ్మెస్సీలో ఇష్టపడి చదివిన బీజగణితం, చేసిన ప్రాజెక్టు, ఇకముందు చెయ్యాలనుకుంటున్న పని, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఒక్కటే లేదు. ఎమ్మెస్సీ అయిపోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ మధ్య మూడేళ్లు లేవు.

"ఆ మూడేళ్లూ ఏమయ్యాయే?" అన్నాను.

"పెళ్లి, పాప అని రాస్తే సీరియస్‌గా తీసుకోరు కదక్కా. నువ్వే చెప్పు, రాయమంటావా?"

'వద్దులే' అన్నమాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. సాహిత్యంలో పిహెచ్.డి. సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నా అంశం గురించి రెండు ప్రశ్నలు వేసి, మూడోది పెళ్లి గురించి అడిగారు. "మధ్యలో మానేస్తే ఒక సీటు వృథా అవుతుందమ్మా" అని చాలా మర్యాదగానే అన్నారు. అంతకు నెల ముందే నాకు నిశ్చితార్థం అయింది. "ఇప్పట్లో ఆ ఉద్దేశం లేదు సార్" అన్నాను. ఉంగరం అప్పటికే తీసి పర్సులో వేసుకున్నాను. ఆ ప్రశ్న వస్తుందని నాకెవరూ చెప్పలేదు. అయినా తెలుసు. ఎలా తెలుసో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"రెండు రోజులు ఆగు, చెప్తాను" అని ఫోన్ పెట్టేశాను. ఆ రెండు రోజులూ, గణితంలో డాక్టరేట్ కోసం దరఖాస్తు పెట్టుకున్న పాతకాలపు స్త్రీల గురించి నా దగ్గరున్నవన్నీ తీసి చదువుతూ కూర్చున్నాను. సలహా అడిగితే చరిత్రలోకి పారిపోవడం నాకు అలవాటే.

ముందు గుర్తొచ్చేది సోఫియా కొవలెవ్‌స్కయా. ఆమెది నాకు సరిగ్గా తలకిందుల కథ. నేను సీటు కోసం పెళ్లి దాచాను, ఆమె సీటు కోసం పెళ్లి చేసుకుంది. అప్పటి రష్యాలో ఆడపిల్లలకి విశ్వవిద్యాలయాల్లో చోటు లేదు. విదేశానికి వెళ్లాలంటే తండ్రో భర్తో ఒప్పుకోవాలి. అందుకని 1868లో పద్దెనిమిదేళ్లకి వ్లదీమిర్ కొవలెవ్‌స్కీని, చదువు కోసమేనన్న ఒప్పందంతో పెళ్లాడింది. హైడెల్‌బర్గ్‌లో పాఠాలు వినడానికి ఒక్కో ప్రొఫెసర్ దగ్గరా అనుమతి తెచ్చుకుంది. బెర్లిన్‌లో అదీ దొరకలేదు. అక్కడ వయర్‌స్ట్రాస్ నాలుగేళ్లు విడిగా పాఠం చెప్పాడు. 1874లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయం ఆమె అక్కడ లేకుండానే డాక్టరేట్ ఇచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టకుండానే గౌరవం దక్కిందన్నమాట!

అదే 1874లో మన భండారు అచ్చమాంబ పుట్టింది. బడి ముఖం చూడకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు పక్కన తన చదువు సాగించుకున్న మనిషి. స్త్రీలకి బుద్ధి తక్కువనే మాటకి జవాబుగా స్త్రీల చరిత్రలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. మేం ఇవాళ చేసే పని అదే కాబట్టి ఆ సంవత్సరం దగ్గర కాసేపు ఆగాను.

కానీ మా చెల్లెలి ప్రశ్నకి దగ్గరగా ఉన్న కథ క్రిస్టీన్ లాడ్‌ది. 1847లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పుట్టింది. పన్నెండేళ్లకే తల్లిని పోగొట్టుకుంది. వాసర్ కాలేజీకి వెళ్తానంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. అంతర్యుద్ధం తర్వాత మగవాళ్లు తగ్గిపోయారు, పైగా నేను అందగత్తెనీ కాను, పెళ్లవుతుందని నమ్మకం ఏమిటి, కనక చదువుకోనివ్వండి అని వాదించి ఒప్పించింది. చదువుకోవాలంటే ముందు తన్ను తాను తక్కువచేసుకోవాల్సి రావడం మనకి తెలియని సంగతేం కాదు. ఆమెకి ఇష్టమైంది భౌతికశాస్త్రం. ఆడవాళ్లని ప్రయోగశాలల్లోకి రానివ్వరు కాబట్టి కాగితం, కలం చాలు అనిపించే గణితం వైపు వచ్చింది. 1869లో డిగ్రీ తీసుకుని తొమ్మిదేళ్లు బడిపంతులుగా పనిచేసింది. ఆ తొమ్మిదేళ్లూ లండన్ నుంచి వచ్చే 'ఎడ్యుకేషనల్ టైమ్స్'కి లెక్కలూ వాటి సాధనలూ రాసి పంపుతూనే ఉంది.

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 1876లో మొదలైంది. అమెరికాలో పరిశోధనే ప్రధానంగా పెట్టుకున్న మొదటి విశ్వవిద్యాలయంగా దాన్ని చెప్తారు. 1878లో క్రిస్టీన్ అక్కడికి దరఖాస్తు పెట్టింది. ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. ఆమె 'సి. లాడ్' అని సంతకం చేసిందని, మగవాడనుకుని సీటు ఇచ్చేశారని, తర్వాత తెలిసి కంగారుపడ్డారని. వినడానికి బావుంటుంది. మన తెలివి చూసి మనమే నవ్వుకుంటాం. నేనూ క్లాసులో ఈ కథ చెప్పి పిల్లల్ని నవ్వించాను.

ఇంకో ఉత్తరం కూడా ఉంది. ఆ ఏడాదే అక్కడి గణితాచార్యుడు సిల్వెస్టర్‌కి రాస్తూ, నేను స్త్రీననే కారణంతో మీ విశ్వవిద్యాలయం నన్ను పాఠాలు విననివ్వదా అని ఆమె సూటిగా అడిగింది. దాచుకున్న పేరు కథ ఇంత ప్రచారమై ఈ ఉత్తరం వెనకబడిపోవడం మీద మనం ఆలోచించాలి. దొంగదారిన వచ్చిన ఆడది లోకానికి ముచ్చటగా ఉంటుంది. తలుపు తట్టి, తీస్తారా తియ్యరా అని అడిగిన ఆడది అంత ముచ్చటగా ఉండదు.

సిల్వెస్టర్ ఆమె పేరు 'ఎడ్యుకేషనల్ టైమ్స్' పేజీల్లో చూసి ఉన్నాడు. రానివ్వాల్సిందేనని పట్టుబట్టాడు. ఆయనకూ ఒక కథ ఉంది. 1837లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానంలో నిలిచాడు. కానీ యూదుడు. ఇంగ్లండు చర్చి విశ్వాస నియమాలకి కట్టుబడతానని సంతకం పెట్టలేదు కాబట్టి డిగ్రీ ఇవ్వలేదు. చట్టం మారాక 1872లో, ముప్ఫై అయిదేళ్లకి ఇచ్చారు. సంతకం దగ్గర ఆగిపోయిన మనిషికి ఇంకో సంతకం విలువ తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

మొదట సిల్వెస్టర్ పాఠాలకి మాత్రమే రానిచ్చారు. ఆమె పని చూశాక మిగతా తరగతులకీ ఒప్పుకున్నారు. తర్వాత మూడేళ్లు ఫెలోలకిచ్చే డబ్బూ ఇచ్చారు. అయితే విశ్వవిద్యాలయం అచ్చువేసే ఫెలోల జాబితాలో ఆమె పేరు వెయ్యలేదు. ఎందుకంటే అచ్చయితే అది ఆనవాయితీ అవుతుంది. రేపు ఇంకో ఆడపిల్ల ఆ జాబితా చేతిలో పట్టుకుని వస్తుంది.

నన్ను నిలేసింది ఈ జాబితాయే. ఆమె ప్రతిభని ఎవరూ కాదనలేదు. డబ్బు కూడా ఇచ్చారు. ఇవ్వనిది ఆధారం మాత్రమే. పితృస్వామ్యం ఎప్పుడూ తలుపు మూసే ఉంచుతుందనుకుంటాం. అవసరమైనప్పుడు ఒకరి కోసం తెరుస్తుంది కూడా, తెరిచినట్టు ఎక్కడా రాసిపెట్టుకోదు. దాన్నే మినహాయింపు అంటారు. మినహాయింపు లోపలికి వచ్చినామెకి మేలు చేస్తుంది. బయట నిలబడినవాళ్లకి, నియమం ఇంకా అలాగే ఉందని గుర్తుచేస్తుంది.

1882 నాటికి ఆమె డాక్టరేట్‌కి కావలసిందంతా పూర్తిచేసింది. చార్లెస్ పర్స్ దగ్గర తర్కశాస్త్రపు బీజగణితం మీద రాసిన సిద్ధాంత వ్యాసం మరుసటేడు పుస్తకంలో అచ్చయింది కూడా. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. ఆ వ్యాసంలో ఆమె చేసిన పని గురించి మా చెల్లెలు నాకు విడమరిచి చెప్పింది. అరిస్టాటిల్ కాలం నుంచి వస్తున్న తర్కరూపాలన్నిటినీ ఒకే పరీక్ష కిందికి తెచ్చింది. మూడు వాక్యాలు తీసుకుంటే, మూడూ కలిసి నిజం కావడం అసాధ్యమైతే, వాటిలో ఏ రెండు నిజమైనా మూడోది అబద్ధమై తీరాలి. అంతే.

"ఉదాహరణ చెప్పవే" అన్నాను. అది ఒక్క నిమిషం ఆలోచించి చెప్పింది. "పని పూర్తిచేసిన వాళ్లందరికీ డిగ్రీ ఇస్తాం. ఈమె పని పూర్తిచేసింది. ఈమెకి డిగ్రీ ఇవ్వం. ఇవి మూడూ కలిసి నిలబడవు కదక్కా."

ఆ విశ్వవిద్యాలయం మాత్రం మూడింటినీ నలభై నాలుగేళ్లు నిలబెట్టింది. ఈ మధ్యలో 1893లో అక్కడే ఫ్లోరెన్స్ బాస్కమ్ భూగర్భశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. తరగతిలో తెర వెనక కూర్చుని పాఠాలు విన్నదావిడ. అదీ మినహాయింపే. 1907లో పరిశోధన విభాగాల్లోకి స్త్రీలని మామూలుగా చేర్చుకోవడం మొదలైంది. క్రిస్టీన్ సంగతి అప్పుడూ ఎవరికీ గుర్తు రాలేదు. 1882లోనే గణితాధ్యాపకుడు ఫేబియన్ ఫ్రాంక్లిన్‌ని పెళ్లాడి, బిడ్డల్ని కని, ఒకరిని పసితనంలోనే పోగొట్టుకుని, ఆ తర్వాత జర్మనీ వెళ్లి రంగుల చూపు మీద పరిశోధన చేసి సొంత సిద్ధాంతం ప్రతిపాదించింది. 1904 నుంచి అయిదేళ్లు హాప్‌కిన్స్‌లో, తర్వాత కొలంబియాలో పాఠాలు చెప్పింది. కొలంబియాలో జీతం లేదు. చివరికి 1926లో, హాప్‌కిన్స్ యాభయ్యేళ్ల పండగకి ఆమెని సత్కరిద్దామనుకున్నారు. గౌరవ డిగ్రీ నాకొద్దు, నేను సంపాదించుకున్న డాక్టరేట్ ఇవ్వండి అంది. ఇచ్చారు. అప్పటికామెకి డెబ్బై ఎనిమిదేళ్లు. 1930లో చనిపోయింది.

గౌరవ డిగ్రీ ఎందుకొద్దందో నాకిప్పుడు అర్థమవుతోంది. అది మరో మినహాయింపు. ఆమె అడిగింది జాబితాలో పేరు.

మన దగ్గర గణితం అనగానే వినిపించే ఆడపేరు లీలావతి. భాస్కరాచార్యుడి కూతురని, నీటిగడియారంలో ముత్యం పడి ముహూర్తం తప్పిపోతే, పెళ్లి కాని ఆ పిల్లని ఓదార్చడానికి తండ్రి పుస్తకానికి ఆమె పేరు పెట్టాడని చెప్తారు. పన్నెండో శతాబ్దపు పుస్తకానికి ఈ కథ 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో కనిపిస్తుంది. ఆడపిల్లకి పెళ్లి తప్పిపోతే గణితం దక్కుతుందన్నమాట. రెండూ ఉండటం ఆ కథకి తెలీదు. 2008లో మన దేశపు స్త్రీ శాస్త్రవేత్తల స్వీయకథనాలు సుమారు వంద కలిపి పుస్తకం వేసినప్పుడు దానికి 'లీలావతీస్ డాటర్స్' అని పేరు పెట్టారు. లీలావతి కూతుళ్లు. కథలో పెళ్లే కాని పిల్లకి ఇంతమంది కూతుళ్లు!

అలాంటి కూతుళ్లలో మంగళా నార్లీకర్‌ని మా చెల్లెలికి చూపించాను. 1964లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ., బంగారు పతకం. పిహెచ్.డి. 1981లో. మధ్యలో పెళ్లి, కేంబ్రిడ్జి కాపురం, ముగ్గురు కూతుళ్లు. ఆ పదిహేడేళ్లనీ ఖాళీ అని ఎవరైనా అంటే, ఖాళీగా ఉన్నది ఆమె జీవితమా, అప్లికేషన్‌లో మనకిచ్చిన గడులా?

ఇప్పటి పరిస్థితి 1878 లాంటిదని నేననను. యూజీసీ 2016 నిబంధనల్లోనే పిహెచ్.డి. చేసే స్త్రీలకి గరిష్ఠ గడువు మీద మరో రెండేళ్లు, ఒకసారి 240 రోజుల వరకూ ప్రసూతి లేదా శిశుసంరక్షణ సెలవు రాశారు. 2022 నిబంధనల్లోనూ అవి ఉన్నాయి. సీఎస్ఐఆర్ ఫెలోషిప్ వయసులో స్త్రీలకి అయిదేళ్ల సడలింపు ఉంది. ఇవి ఎవరో పెద్దమనిషి దయతలచి ఒక్కరికిచ్చిన మినహాయింపులు కావు, అచ్చులో ఉన్న నియమాలు. అయినా వాటిని వాడుకోవాల్సిన పిల్లే తన మూడేళ్లనీ తుడిచేసుకుంటోంది. నియమం మారింది, ఇంటర్వ్యూ గదిలో భయం మారలేదు. ఆ భయాన్ని దానికి నేర్పినవాళ్లలో ఉంగరం పర్సులో వేసుకున్న నేనూ ఒకదాన్ని.

ఉంగరం తీసినందుకు ఆ ఇరవై నాలుగేళ్ల పిల్లని నేను తప్పుపట్టలేను. సీటు రాకపోతే ఈ వ్యాసం రాసేదాన్నీ కాదు. కానీ అందరం దాచిపెట్టి నెగ్గుకొస్తే, మన తర్వాత వచ్చేవాళ్లకి చూపించడానికి జాబితాలో ఏమీ మిగలదు. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి ఇదే చెప్పాను. నష్టం జరిగితే నీకే జరుగుతుంది, నాకు కాదు, అదీ ఆలోచించుకో అని కూడా చెప్పాను.

"ఆ మూడేళ్లలో అసలేం చేశావే?" అని అడిగాను. పాప పడుకున్నాక రోజూ గంటసేపు ఒక పాఠ్యపుస్తకంలో లెక్కలు చేసేదట. ఏడు నోటు పుస్తకాలు నిండాయట. అత్తగారికి పాలలెక్క అనుకోమని చెప్పిందట. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఏడు పుస్తకాల సంగతి, పాప సంగతి మూడు వాక్యాల్లో రాసింది.

పంపే ముందు ఇంకో చిక్కు వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. "ఏ పేరు రాయనక్కా?" అంది. పెళ్లి తర్వాత క్రిస్టీన్ రెండింటినీ పక్కపక్కనే ఉంచుకుని లాడ్-ఫ్రాంక్లిన్‌గా రాసిందని చెప్పాను. మన ఫారాల్లో అంత చోటుండదు. పదో తరగతి పేరు రాసి, ఇద్దరూ ఒకరేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ చేయించి జతపరిచింది.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. జాబితా ఇంకా పెట్టలేదు.