మా ఇంటి రైఫిలు, దాని మడమ రబ్బరు

పాత వస్తువుల గురించి రాయమంటే మనవాళ్లు గంగాళాలు, రోళ్లు, ఊయల బల్లలు, తాళపత్రాల గురించి రాస్తారు. తుపాకుల గురించి ఎవరూ రాయరు. కానీ చింతామణి, బాగేపల్లి, హోసూరు పక్కల సేద్యమో, కాంట్రాక్టు పనులో చేసిన మన తెలుగు ఇళ్లలో ఒక పాత తుపాకి ఉండడం పెద్ద వింతేం కాదు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది. ఈసారి దాని గురించి, అందులోనూ దానికున్న అతి చిన్న భాగం గురించి రాస్తున్నాము. అదే మడమకు బిగించిన రబ్బరు దిండు.

తుపాకి అనే మాట మనకు తురకల వైపు నుంచి వచ్చింది. కన్నడంలో కోవి అంటారు. మేము చదివింది కన్నడ మీడియంలో కాబట్టి మాకు రెండు మాటలూ ఇంటి మాటలే. భుజానికి ఆనించే కట్టె చివరను తెలుగులో మడమ అంటాము. ఇంగ్లీషు తుపాకి పనివాళ్లు కూడా ఆ చివర తగిలించే పట్టీకి మడమ పట్టీ అనే పేరే పెట్టుకున్నారు. ఎవరు ఎవరిని చూసి పెట్టిన పేరూ కాదిది. నిలబెట్టినప్పుడు నేలకు ఆనేది మడమే కదా.

రైఫిలు మా ఇంటికి వచ్చిన దారి

మా ముత్తాత చిక్కమగళూరు కాఫీ తోటల్లో కలప కాంట్రాక్టు చేసేవాడు. దేశానికి స్వతంత్రం వచ్చాక ఒక తోటదొర సామాను అమ్ముకుని వెళ్లిపోతూ ఈ రైఫిలును ఆయనకు అమ్మినాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఇది .375 బోరు రైఫిలు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు 1912లో తెచ్చిన తూటా ఇందులో పడుతుంది. 1878 ఆయుధాల చట్టం కింద బ్రిటిషు ఇండియాలో మనవాళ్లు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, దొరలకు మొదట్లో ఆ బాధ లేదు. స్వతంత్రం వచ్చాక ఆ చట్టం పోయి 1959 చట్టం వచ్చింది. ఇప్పుడు దొరలకొక రూలు, మనకొక రూలు అన్న తేడా లేదు.

ముత్తాత దీన్ని వేటకూ వాడినాడు. అది దాచాల్సిన సంగతి కాదు, గొప్పగా చెప్పుకోవాల్సిందీ కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు మొదటి తొమ్మిది అడవుల్లో మన బండీపుర కూడా ఉంది. ఆ తరువాత మా రైఫిలుకు అడవిలో పని లేకుండా పోయింది. ఆయుధ పూజనాడు పసుపు, కుంకుమ పెట్టించుకోవడం, ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకు పోయి రావడం, ఈ రెండే దాని ప్రయాణాలు.

రబ్బరు కథ

తుపాకి పేలితే గుండు ముందుకు పోతుంది, తుపాకి వెనక్కి తంతుంది. .375లో గుండు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు కొంచెం ఎక్కువ. అది సెకనుకు సుమారు 770 మీటర్ల వేగంతో బయటపడుతుంది. దానితోపాటు మందు కాలిన వాయువు కూడా దూసుకుపోతుంది. ఆ రెండింటికీ బదులుగా నాలుగు కిలోలకు పైబడిన రైఫిలు సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. సైకిలు తొక్కేవాడి వేగమే. కానీ నాలుగు కిలోల కట్టె, ఇనుము ఆ వేగంతో ఎముకకు తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పాత తుపాకుల మడమకు ఇనుప పట్టీయో, ఇత్తడి పట్టీయో ఉండేది. కట్టె పగలకుండా కాపాడడమే దాని పని, మనిషి భుజం సంగతి దానికి పట్టదు. మెత్తని రబ్బరు దొరికితే తప్ప ఆ లెక్క మారదు. పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా అవుతుంది. గంధకం కలిపి వేడి చేస్తే ఆ దోషం పోతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టి 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడా అదే రోజుల్లో అదే పని చేశాడు.

ఆ తరువాత లండన్‌లో సిల్వర్ అనే కంపెనీ తూర్పు వైపు థేమ్స్ ఒడ్డున రబ్బరు ఫ్యాక్టరీ పెట్టింది. ఆ పేట పేరే సిల్వర్‌టౌన్ అయింది, ఇప్పటికీ అదే పేరు. తుపాకి మడమకు రబ్బరు దిండును ఆ కంపెనీ 19వ శతాబ్దం చివరి పాదంలో అమ్మింది. ఇటుక రంగు రబ్బరు, వెనక రెండు గుండ్రని రబ్బరు బిరడాలు, వాటి కింద మరలు. ఆ పోలికతో చేసిన దిండ్లను ఇప్పటికీ సిల్వర్ దిండు అనే అంటారు. మా రైఫిలుకున్నది ఆ రకమే.

రబ్బరు ఎక్కడిదన్నది మరో కథ. మొదట్లో అంతా బ్రెజిల్ అడవుల నుంచే వచ్చేది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు అక్కడినుంచి 70,000 దాకా విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చినాడు. వాటి నారు సిలోనుకు, మలయాకు పోయింది. 1902లో కేరళలోని తట్టేక్కాడులో వ్యాపార పద్ధతిలో రబ్బరు తోట వేశారు. మన దేశంలో రబ్బరు సేద్యం అక్కడే ఊపందుకుంది. అట్లా మా ఇంటి మూలలో ఉన్న ఈ చిన్న దిండు వెనక మూడు ఖండాల చరిత్ర ఉంది.

ఇప్పుడెందుకు మార్చాల్సి వచ్చింది

రబ్బరుకు వయసు ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని ఏళ్ల తరబడి గట్టిపరుస్తాయి, పగుళ్లు తెస్తాయి. నూనె కూడా సహజ రబ్బరుకు పడదు. ఆయుధ పూజకు తుపాకి మొత్తం నూనె పట్టించడం చాలా ఇళ్లలో అలవాటు. కట్టెకు అవిసె నూనె మంచిదే, ఇనుముకు తుపాకి నూనె మంచిదే, రబ్బరుకు మాత్రం రెండూ చేటే. మడమ మీదే నిలబెట్టి ఉంచితే దిండు ఒకవైపు అణిగిపోతుంది కూడా. గోరుతో నొక్కితే అచ్చు పడకపోతే ఆ దిండు పని అయిపోయినట్టే. మాది రాయి లాగా అయింది.

పెదనాయనకు డెబ్భై దాటినాయి. 70 ఏళ్లు నిండిన లైసెన్సుదారు తాను ఉండగానే వారసులకు ఆయుధం ఇవ్వడానికి 2016 ఆయుధ నియమాల్లో వీలుంది. ఆయన కొడుకులు వద్దన్నారు. అక్క తీసుకుంటానన్నది. మా వంశంలో తుపాకి లైసెన్సు ఆడపిల్ల పేరు మీదికి పోవడం ఇదే మొదలు. తుపాకిని సురక్షితంగా పట్టుకోవడం ఆమె నేర్చుకోవాలి, ఏడాదికి నాలుగు గుండ్లయినా రేంజిలో కాల్చాలి. రాయి లాంటి దిండుతో అది కుదరదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. గుర్రం నుంచి, అంటే వేలు పెట్టి లాగే మీట నుంచి, మడమ నడిమి దాకా ఉండే కొలతను లాగుడు పొడవు అనుకోండి. ఈ రైఫిలుకు అది 14 అంగుళాలు: కట్టె 13, దిండు 1. ఆరడుగుల దొరకు అది సరి. ఐదడుగుల రెండంగుళాల అక్కకు మాత్రం చెయ్యి చాచితే గానీ వేలు అందదు. చెయ్యి చాచి కాలిస్తే మడమ భుజం గుంటలో కుదరదు, దెబ్బ ఎముకకు తగులుతుంది.

"కట్టె అరంగుళం కోయించండి. కట్టె కంటే మనిషి ముఖ్యం" అన్నాడు పెదనాయన. ఆ మాట కాదనలేము. కానీ నూరేళ్ల అక్రోటు కట్టెను ఒకసారి కోస్తే మళ్లీ అతకలేము. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాము. ఏ మార్పు చేసినా వెనక్కి పోయే దారి పెట్టుకోవాలన్నది మా పనిలో మొదటి పాఠం. అందుకే ముందు కొలతలన్నీ రాసుకున్నాము, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాము, ఆ తరువాతే దిండ్లు చూశాము.

ఎంచుకున్న పద్ధతి

మొదటిది మందం. అంగుళం దిండు తీసి అరంగుళం దిండు పెడితే కట్టె ముట్టకుండానే 14 కాస్తా పదమూడున్నర అవుతుంది. అయితే మందం తగ్గితే దెబ్బ ఆపుకునే దూరమూ తగ్గుతుంది. దిండు చేసేదల్లా దెబ్బను కొంచెం ఎక్కువ సేపటికి, ఎక్కువ వెడల్పుకు పంచడమే. కాబట్టి పలచన దిండు కొంటే మెత్తని రకమే కొనాలి. ఇప్పుడు పాక్‌మేర్, లింబ్‌సేవర్ లాంటి పేర్లతో సహజ రబ్బరు కాని మెత్తని దిండ్లు వస్తున్నాయి. వాటిలో పాక్‌మేర్ వాళ్లది పాత ఇంగ్లీషు తరహాలోనూ దొరుకుతుంది.

రెండోది మర రంధ్రాలు. పాత దిండు మరల మధ్య దూరం, కొత్త దిండు మరల మధ్య దూరం చాలాసార్లు కలవవు. పాత రంధ్రాన్ని ఆనుకొని కొత్తది తొలిస్తే కట్టె చీలుతుంది. కలవకపోతే పాత రంధ్రాలను సన్నని కట్టె మేకుతో జిగురు పెట్టి పూడ్చి, అప్పుడు తొలచాలి.

మూడోది రాపిడి. కొత్త దిండు మడమ కంటే పెద్దదిగా వస్తుంది. దాన్ని కట్టె ఆకారానికి అరగదీయాలి. కట్టె మీద బిగించి అక్కడే అరగదీస్తే పాత పాలిష్ పోతుంది. మంచి పనివాడు ఆకారాన్ని గీసుకుని, విడిగా ఒక బిగింపులో పెట్టి అరగదీస్తాడు. ఈ పని లైసెన్సున్న తుపాకి పనివాడి దగ్గరే చేయించాలి. తుపాకి మరమ్మతుకు లైసెన్సు ఉండాలని చట్టమే చెబుతుంది.

నాలుగోది పైపూత. ఇంగ్లీషు తుపాకుల్లో దిండుకు తోలు తొడిగించే పద్ధతి ఉంది. రబ్బరు చొక్కాకు పట్టుకుంటుంది, తోలయితే జారుతుంది. ఆ తోలు చాలావరకు పందిది. పూజలో పెట్టే వస్తువుకు ఆ తోలా అని జేజి ముఖం చిట్లించింది. మేమూ వద్దనుకున్నాము.

చివరికి ఇటుక రంగు అరంగుళం దిండు తెప్పించాము. మరలు ఒకటి కలిసింది, ఒకటి కలవలేదు. కలవనిదాన్ని పనివాడు పూడ్చి తొలిచినాడు. పాత దిండును పడెయ్యలేదు. దాని పై అంచున ఒక గుంట ఉంది, ముత్తాత, తాత, పెదనాయన ముగ్గురి భుజాలూ ఆనిన చోటు. దాన్ని, దాని రెండు మరలను, కొలతల చీటీని ఒక డబ్బాలో పెట్టి మీద తేదీ రాసినాము. రేపు ఎవరైనా పొడుగు మనిషి వస్తే అంగుళం దిండు మళ్లీ పెట్టుకోవచ్చు. కట్టె మాత్రం దొర కొన్ననాటి పొడవే ఉంటుంది.

మీ ఇంట్లో పాత తుపాకి ఉంటే రెండు మాటలు మనవి చేస్తాము. మడమను నేలకు ఆనించి నిలబెట్టకండి, రబ్బరుకు నూనె పట్టించకండి. కట్టె కోయాలని ఎవరన్నా అంటే, ముందు దిండు మందం కొలవమనండి.