చిట్టాలోని మనిషి, పుస్తకంలోని మనిషి



తెలుగు పండితునిగా నేను బోధించిన పాఠాలలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది విరాటపర్వ ఘట్టం. పదమూడవ శతాబ్దంలో తిక్కన సోమయాజి మా వెంకటాచలానికి ఉత్తరాన ఉన్న నెల్లూరిలో నివసించి, తన భారత రచనను ఆ పర్వంతోనే ఆరంభించాడు. కాబట్టి మా సీమ పండితులకు దాని మీద మమకారం ఒక పాలు ఎక్కువ.

అందులో అర్జునుడు ఊర్వశి శాపాన్ని వరంగా మలచుకొని, బృహన్నల అనే పేరుతో పేడి రూపం ధరించి, విరాటుని కుమార్తె ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఆ రాజ్యంలో అతనిని ఎవరూ ఏడిపించలేదు. అంతఃపురంలో గురుస్థానం ఇచ్చారు. కౌరవసేనను చూసి ఉత్తరకుమారుడు పారిపోతుంటే, పట్టి నిలిపినవాడు ఆ బృహన్నలే.

ఈ సంగతులన్నీ రాగయుక్తంగా చెప్పిన నేనే ఒక తప్పు చేశాను. నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. నడకలో, మాటలో, చేతులు తిప్పడంలో ఆడపిల్లల తీరు. పాఠం మధ్యలో ఒకనాడు వానిని చూపి "అడుగో మన బృహన్నల" అన్నాను. తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ పేరే వానికి స్థిరపడిపోయింది. కొన్నాళ్లకు వాడు బడి మానేశాడు. ఎందుకు మానేశాడని నేను ఎవరినీ అడగలేదు.

ఇటీవల చరిత్ర చదువుతుంటే అర్థమైంది, నాటి నా నవ్వు వెనుక శతాబ్దాల నాటి చట్టాలున్నాయని. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలో ఒక భాగం నపుంసకుల కోసమే కేటాయించారు. పోలీసులు వారి పేర్లు, చిరునామాలు చిట్టాకెక్కించాలి. చిట్టాకెక్కినవారు స్త్రీవేషంతో వీధిలో కనబడితే శిక్ష. దాని ఒరవడిలోనే నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అనగా 1919లో, మరొక చట్టం వచ్చింది. చిట్టాలో ఉన్న వ్యక్తి చీర కట్టి, నగలు పెట్టి వీధిలో కనబడినా, బహిరంగంగా ఆడినా, పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల వరకు ఖైదు. బృహన్నల విరాటుని కొలువులో చేసిన పని హైదరాబాదు వీధిలో నేరమైపోయింది! నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం పుస్తకాలలో నిలిచే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు న్యాయస్థానానికెక్కగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అప్పటికి దానికి నూట నాలుగేళ్లు.

ఇటువంటి చిట్టాలు మనకే పరిమితం కావు. పోలండు దేశంలో 1932 శిక్షాస్మృతి నుండి స్వలింగ ప్రేమ నేరం కాదు. అయినా 1985 నవంబరులో అక్కడి పోలీసులు హయసింత్ అనే పువ్వు పేరుతో ఒక దాడి మొదలుపెట్టి, 1987 నాటికి సుమారు 11,000 మంది పేరిట దస్త్రాలు కూర్చారు. చట్టంలో నేరం లేకున్నా చిట్టా మాత్రం పుట్టింది.

ఆ దేశంలోనే మిరోన్ బ్యావొషెఫ్స్కీ అనే కవి ఉండేవాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు. 1944లో వార్సా నగరం నాజీలపై తిరగబడి అరవై మూడు రోజులు పోరాడినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు. ఆ అనుభవాన్ని రెండు దశాబ్దాలు దాటాక రాసి 1970లో వెలువరించాడు. అందులో వీరగాథ లేదు. నేలమాళిగలలో జనం దాగడం, నీళ్లకోసం పరుగులు, దొరికిన తిండి, బాంబుల మోత, అంతా వాడుక మాటలలో ఉంటుంది. గాయం ఘనమైన పదాలలో కాక నిత్యజీవితపు చిన్న పనులలోనే పట్టుబడుతుందని ఆయన నమ్మకం కాబోలు. అయితే ఆయన రహస్య దినచర్య వెలుగు చూసింది 2012లో. మరణించిన ఇరవై తొమ్మిదేళ్లకు.

మన పక్కనే తమిళనాట పుట్టిన రేవతి అంతకాలం ఆగలేదు. మగపిల్లవాడిగా పుట్టి, ఇంటిపనులలో తల్లికి తోడుండి, అన్నల చేత దెబ్బలు తిని, ఇల్లు విడిచి హిజ్రాల కుటుంబంలో చేరి, పోలీసుల హింసను అనుభవించిన బతుకును తానే రాసుకుంది. 2010లో ఆంగ్లంలో వచ్చిన ఆ గ్రంథాన్ని ప్రసిద్ధ కథకురాలు పి.సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది.

చిట్టా మనిషి పేరు, ఇంటి జాడ మాత్రమే అడుగుతుంది. ఆకలి, అలుక, అమ్మ మీద బెంగ దానికి పట్టవు. ఆత్మకథలో ఉండేవి అవే. ఒకే మనిషి ఒకచోట అనుమానితురాలు, మరొకచోట మన ఇంటి బిడ్డ.

అర్జునునికి ఆ రూపం ఒక ఏడాది మాట. గడువు తీరగానే జమ్మి చెట్టు మీది గాండీవం దిగింది. నా తరగతిలోని పిల్లవానికి గడువు లేదు, గాండీవమూ లేదు. గురుస్థానంలో ఉన్న నేను వానికి ఇచ్చింది ఒక ఎగతాళి పేరు. నేనూ ఒక చిట్టా రాసినవాడినే.

వాడు ఎక్కడున్నా, ఏ పేరుతో ఉన్నా, ఏ దుస్తులలో ఉన్నా చల్లగా ఉండాలి. పాఠం చెబుతున్న ఉపాధ్యాయ సోదరులకు నా విన్నపం ఒక్కటే: బృహన్నల ఘట్టం వచ్చినప్పుడు తరగతి వైపు చూసి నవ్వకండి.