డేగవేటలో తొలి పాఠం

కుమావోన్ పాలకుడు రాజా రుద్రచంద్రదేవుడు 16వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘శ్యైనిక శాస్త్రం’ డేగల పెంపకాన్ని, వేటను వివరించే అరుదైన గ్రంథం. వేట రాజులకు వ్యసనమా, వినోదమా అన్న విచారణ జరిపిన తరువాతనే గ్రంథకర్త పక్షుల ప్రస్తావనకు వస్తాడు.

కొత్తగా వలలో పడిన డేగను మచ్చిక చేయడమే శిక్షకునికి తొలి పరీక్ష. భారతీయ సంప్రదాయంలో మొదట దాని కనురెప్పలను సన్నని దారంతో కుట్టేవారు. నేటి పాఠకునికి ఇది క్రౌర్యంగా తోచక మానదు. ఆ చీకటిలో పక్షి మనిషి కంఠస్వరానికి, చేతి స్పర్శకు అలవాటు పడేది. దారం సడలించే కొద్దీ వెలుగు కొంచెం కొంచెంగా అందేది. శిక్షకుడు దానిని పిడికిలిపై గంటల తరబడి మోస్తూ, మాంసపు ముక్కలు తినిపించేవాడు. తరువాత కాలికి పొడవైన దారం కట్టి, దూరం నుండి పిలిచేవాడు. కడుపు నిండిన డేగ పిలుపును లక్ష్యపెట్టదు; ఆకలితో చిక్కిపోయిన డేగకు వేటాడే బలం ఉండదు. ఈ రెండింటి నడుమ మేత కొలత తెలియాలి. కొట్టి లొంగదీయడం ఈ విద్యలో కుదరని పని.

హరప్రసాద శాస్త్రి 1910లో ఈ గ్రంథాన్ని ఆంగ్లానువాదంతో కలకత్తాలో ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డేగలను పట్టడం నేరం. యునెస్కో 2021లో 24 దేశాల పేరిట డేగవేటను మానవాళి అమూర్త వారసత్వంగా నమోదు చేసింది. వాటిలో పాకిస్తాన్ ఉంది, భారతదేశం లేదు.