‘దేవుడు’ అనే మాట ఎవరి వశం? పాలమూరు సంఘాలు, మిషన్ భాగస్వామ్యం

1937లో మహబూబ్‌నగర్, గద్వాల మిషన్ కేంద్రాలు అమెరికన్ బాప్టిస్టుల నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ చేతికి వచ్చాయి. నాగర్‌కర్నూలు, వనపర్తిలో ఈ మిషన్ అప్పటికే పాతుకుని ఉంది. ఒప్పందంలోని రెండు పక్షాలూ మిషన్లే. ఆదివారం కూడికకు వచ్చే జనం ఒక పక్షం కాదు, బంగళాలతో, బడులతో పాటు చేతులు మారిన సంఘం. ఇప్పుడు చాలా మిషన్ సంస్థలు ‘స్థానిక సంఘంతో భాగస్వామ్యం’ గురించి మాట్లాడుతున్నాయి గనుక ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

భాగస్వామ్యాన్ని ఆస్తి, జీతం, పదవి లెక్కన కొలవడం పాత అలవాటు. 19వ శతాబ్ది మధ్యలో మిషన్ నాయకులు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ సంఘం తన్ను తానే పోషించుకోవాలి, పాలించుకోవాలి, విస్తరించుకోవాలి అన్నారు. దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య 1910 ఎడింబరో మిషనరీ సభలో అడిగింది ఇంకా లోతైనది: దొరల స్నేహం. ఈ రెండింటికీ అందని, ఆ మూడు సూత్రాల పైన నాలుగో మెట్టును చూపినవాడు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండూరు గ్రామంపై 1971లో పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త. బైబిలు వాక్యానికి అర్థం చెప్పుకునే హక్కు కూడా స్థానిక సంఘానిదేనని 1985లో రాశాడు.

ఆ ఆలోచనకు వేరు ఇక్కడి మట్టిలోనే ఉంది. 1978 నాటి వ్యాసంలో ఆయన పాపయ్య అనే చదువురాని రైతును ఊహిస్తాడు. పాపయ్య సువార్త ఒక్కసారే విన్నాడు. అతని తెలుగులో ‘దేవుడు’ అంటే బైబిలు చెప్పే సృష్టికర్తేనా? కాదు. చాలామంది దేవుళ్లలో ఒకడు కావచ్చు. మిషనరీకి అది అనువాద సమస్య. సంఘ పెద్దకు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీకి మాత్రం అది రోజూ ఎదురయ్యే పని. ఆ మాటను కొత్త అర్థానికి ఒప్పించింది వాళ్లేనని నా వాదన.

డప్పు సంగతి తీసుకోండి. ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగలకు కులం కట్టబెట్టిన వంతు. బాప్తిస్మం తీసుకున్నవాడు ఆ వంతు మానాలా? మానితే ఊరి కోపాన్ని ఎవరు తట్టుకుంటారు? అదే డప్పు ఆరాధనలో మోగవచ్చా? పాత ఆచారాన్ని సంఘమే విప్పి చూసి, వాక్యంతో బేరీజు వేసి, ఉంచడమో మార్చడమో విడవడమో తేల్చుకోవాలని హీబర్ట్ ప్రతిపాదించాడు. బయటి నిధులతో నడిచే భాగస్వామ్యాల్లో ఇలాంటి తీర్పుకు తగిన చోటు దొరకదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలయ్యాయి. అయినా పాలమూరు నుంచి వలస ఆగలేదు. మేస్త్రీ వెంట పనికి పోయిన కుటుంబాలు పండక్కి తిరిగొస్తే తప్ప సంఘం నిండదు. మరో ముడి చట్టంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. బీసీ-సి కింద అతనికి మిగిలేది 1 శాతం రిజర్వేషన్. కాబట్టి విశ్వాసం ఒకటి, కాగితం మీది కులం ఒకటిగా బతికే ఇళ్లు ఉన్నాయి. అలాంటి చోట బాప్తిస్మాల సంఖ్య, పేర్లు, ఫొటోలు అడిగే నివేదిక ఒక బిడ్డ హాస్టల్ సీటుకే ఎసరు పెట్టగలదు. ఆ నివేదిక నింపాలా, ఖాళీగా వదలాలా అన్నది డబ్బు పంపినవారు కాదు, ఆ వాడలో కూర్చున్న సంఘం తేల్చాలి.